మూతి మార్చిన కార్లు

మా పక్కింటి మావ నరసన్నపేట స్టాండులో చాలా ఏళ్ళు అంబాసిడర్ టాక్సీ తోలాడు. బండి అమ్మేసి శ్రీముఖలింగం వచ్చి కూర్చున్నా, చెవులు మాత్రం ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. వీధిలో ఏ ఇంజను గుర్రుమన్నా మంచం మీంచి లేవకుండా బండి పేరు చెప్తాడు. శివరాత్రి తర్వాత చక్రతీర్థ స్నానాలకి జనం వచ్చినప్పుడు ఆయన పండగే వేరు. వంశధారలో ఒక్క మునక మునిగి, తడి తువ్వాలు భుజాన వేసుకుని, ఒడిశా నుంచీ విజయనగరం నుంచీ వచ్చి గుడి దారిలో నిలిచిన కార్ల మధ్య తిరుగుతాడు. ఈసారి అలా తిరిగి తిరిగి సరాసరి మా గోడ దగ్గరికే వచ్చాడు.

"అల్లుడా, ఆ తెల్ల అంబాసిడర్ సూసినావా? మూతొక కాలంది, ఒళ్ళొక కాలంది."

నాకు తెల్ల అంబాసిడర్ అంటే తెల్ల అంబాసిడరే. కలెక్టరాఫీసు ముందు నిలబెడితే సర్కారుది, పెళ్ళిపందిరి ముందు నిలబెడితే అద్దెది. అంతకి మించి తేడా తెలీదన్నాను.

"అలగంటావేటి! నంబరు సూడు, ఏపీ 30. మన శ్రీకాకుళం జిల్లాది. ఆ నంబర్లు 1989 నుంచి కదా ఇచ్చినారు. మరి గ్రిల్లేటి? సన్న గళ్ళది. సన్న గళ్ళు మార్క్ టూకి ఉండేవి. 1962లో వొచ్చినాది అది. 1975లో మార్క్ త్రీ వొచ్చినాక ఆ గళ్ళు పోనాయి."

"పాత బండినే తర్వాత మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించి ఉంటారు మావా."

"నానూ అలగే అనుకున్నాను. అద్దంలోంచి తొంగి సూసినాను. గేరు రాడ్డు నేల మీదుంది. మార్క్ టూకి గేరు స్టీరింగు పక్కన కదేటి ఉంటాది? ఇది నేల గేరు, అయిదు గేర్లు. ఇసుజు ఇంజను బండి. 1800 ఐఎస్‌జెడ్!"

ఇసుజు ఇంజను అంబాసిడర్‌లోకి వచ్చింది 1990ల మొదట్లో. అంటే కారు పుట్టేనాటికి ఆ మూతి ఫ్యాక్టరీలో ఆగిపోయి పదిహేనేళ్ళు దాటింది. ఎవరో కావాలని వెతికి తెచ్చి పెట్టించుకున్నారన్నమాట.

గోడ మీద వడియాల గుడ్డ పరుస్తున్న అత్త తలెత్తకుండానే అంది, "ముఖలింగంలో కాపరం ఉండి ముఖాల గొడవ ఎత్తకపోతే మీకు పొద్దు పోదు."

"నీకు తెల్దు, ఊరుకో. అల్లుడా, ఆడికి ఆ పాత మూతి మీద అంత మోజెందుకో నువ్వు సెప్పు. పుస్తకాలు సదివే వోడివి కదా!"

చెప్పాలంటే అమెరికా దాకా వెళ్ళాలి మావా అన్నాను. ఎల్దాం పద, టికెట్టా డబ్బులా అని గోడకి ఆనుకున్నాడు.

1930లలో కాలిఫోర్నియా కుర్రాళ్ళ దగ్గర డబ్బుల్లేవు, పాత ఫోర్డు కార్లు మాత్రం ఊరి నిండా ఉన్నాయి. వాటిని తక్కువకి కొని, బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు పీకేసి, ఇంజను గీకి, ఎండిపోయిన చెరువుల్లో పందేలు వేసేవాళ్ళు. మ్యూరాక్ అనే ఎండు సరస్సు వాళ్ళకి పెద్ద మైదానం. 1937లో అక్కడి క్లబ్బులు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. యుద్ధం అయ్యాక సైన్యం నుంచి కుర్రాళ్ళు తిరిగొచ్చారు, చేతిలో కాస్త డబ్బుంది, పని నేర్చిన వేళ్ళున్నాయి. 1948 జనవరిలో 'హాట్ రాడ్' పేరుతో పత్రికే మొదలైంది. ఆ బళ్ళు కట్టేవాళ్ళే హాట్ రాడర్లు.

"మూతులు మార్చేది ఆళ్ళేనా?"

"వాళ్ళే. ఒక ఏడాది ఫోర్డు ఒంటికి ఇంకో ఏడాది ఫోర్డు మూతి. ఫోర్డుకి షెవర్లెట్ మూతి తగిలించడం అరుదు. ఎప్పుడూ దగ్గర చుట్టాల మధ్యే."

"దగ్గర సుట్టాలయితే బోల్టులు కలుస్తాయి" అన్నాడు మావ వెంటనే. నేను పది నిమిషాలు చెబుదామనుకున్నది ఆయన నాలుగు మాటల్లో తేల్చేశాడు.

అదే అసలు సంగతి. కారు మధ్యభాగం, అంటే తలుపులు, టాపు, సీట్లుండే గది, తయారు చెయ్యడానికి కంపెనీకి ఖరీదెక్కువ. దాని అచ్చులు పెద్దవి, ఒకసారి చేయిస్తే కొన్నేళ్ళు వాడుకోవాలి. కానీ షోరూములో కొత్త సంవత్సరం కారు కొత్తగా కనబడాలి కదా! అందుకని గది అలాగే ఉంచి ముందు రేకులు మారుస్తారు. గ్రిల్లు, బానెట్టు, లైట్ల చుట్టు, మడ్‌గార్డు కొస. ఏ ఏడాది బండో ఆ మూతిలోనే కనబడుతుంది. ఇంజను గదికీ మనుషుల గదికీ మధ్య ఉండే అడ్డగోడ దగ్గర, చాసీసు మీద, బోల్టు రంధ్రాలు పాత చోటే ఉంటాయి. అన్నదమ్ములు చొక్కాలు మార్చి తొడుక్కున్నట్టు, కంపెనీ తనకి తెలీకుండానే కుర్రాళ్ళకి దారి తెరిచిపెట్టేసింది.

ఫోర్డు వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. 1938 నుంచి 1940 దాకా ఒకే కారుని రెండు రకాలుగా అమ్మారు. స్టాండర్డు అని చవకది, డీలక్స్ అని ఖరీదైనది. డీలక్స్‌కి కొత్త మూతి. స్టాండర్డుకి? పోయినేడాది డీలక్స్ మూతినే కొంచెం అటూ ఇటూ చేసి పెట్టేవాళ్ళు. 1939 స్టాండర్డు చూస్తే 1938 డీలక్స్ గుర్తొస్తుంది, 1940 స్టాండర్డు చూస్తే 1939 డీలక్స్ గుర్తొస్తుంది.

మావ కాసేపు లెక్క కట్టాడు. "అంటే పెద్దోడు విప్పేసిన సొక్కా సిన్నోడికి తొడిగినట్టు."

నా పోలికనే ఇంకో గుండీ పెట్టి నాకే తిరిగిచ్చాడు. పోనీలెండి. కానీ చూడండి, కంపెనీ వాడే మూతులు అటూ ఇటూ మారుస్తుంటే కొన్నవాడు మార్చడంలో తప్పేముంది? 1940 డీలక్స్ మూతి అందమైనదని పేరు. ఫోర్డు కొడుకు ఎడ్సెల్ కూర్చుని చెప్పగా, పడవల నమూనాలు గీసి వచ్చిన గ్రెగరీ అనే ఆయన ఆ రోజుల్లో ఫోర్డు రూపకల్పన చూసేవాడు. ఆ కొసదేరిన ముక్కులో నిజంగానే కొంచెం పడవ పోలిక కనిపిస్తుంది. పైగా 1940లో అమెరికా కార్లన్నిటికీ సీల్డ్ బీమ్ హెడ్‌లైట్లు వచ్చాయి. అంతకు ముందువాటికన్నా రాత్రిపూట రోడ్డు బాగా కనబడేది. 1939 కారున్న కుర్రాడికి 1940 మూతి దొరికితే రూపమూ వస్తుంది, వెలుగూ వస్తుంది.

"దొరకాలి కదా" అన్నాడు మావ.

దొరికేది. రెండు తలుపుల కూపేలంటే కుర్రాళ్ళకి మోజు. నాలుగు తలుపుల సెడాను సంసారపు బండి, దాన్ని అడిగేవాడు లేడు. స్క్రాపు యార్డులో నాలుగు తలుపుల బండి మూతి మంచిగా ఉంటే ఊడదీసి కూపేకి బిగించేవాళ్ళు. ఇంకోటి, కారుకి దెబ్బ తగిలితే ముందు పోయేది మూతే. వెనక నుంచి గుద్దించుకున్న బండి మూతి, ముందు గుద్దుకున్న బండి ఒళ్ళు కలిస్తే ఒక కారు.

ఇక్కడ మావ కళ్ళల్లో పాత సంగతేదో మెదిలింది. ఆయన మార్క్ త్రీ ఒకసారి రాత్రి పూట చల్లపేట దారిలో గేదెకి తగిలింది. గేదె లేచి వెళ్ళిపోయింది, కారు లేవలేదు. రేడియేటర్ చిల్లు, గ్రిల్లు వంకర, ముందు రేకు లోపలికి. శ్రీకాకుళంలో ఒక షెడ్డుకి లాగించుకెళ్తే మార్క్ త్రీ అడ్డ పట్టీల గ్రిల్లు లేదు, మార్క్ ఫోరుది ఉందన్నారట. మార్క్ ఫోరుకి 1979లో మూతి పూర్తిగా మార్చారు. గ్రిల్లు చిన్నదయింది, గళ్ళు పెద్దవయ్యాయి, పక్క లైట్లు చదరం అయ్యాయి.

"గ్రిల్లొక్కటే ఎట్టడానికి కుదర్దన్నాడు మేస్త్రీ. ముందు రేకు మొత్తం తెచ్చినాడు. గ్యాస్ ఎల్డింగు, పుట్టీ, పెయింటు. మూడో రోజు బండి స్టాండుకి తెస్తే అందరూ కొత్త కారు కొన్నావేట్రా అని టీలు తాగించమన్నారు. ప్యాసింజర్లు నా బండే ముందెక్కీవోలు. కొత్తదనుకుని."

"ఎప్పుడైనా సెప్పినావా ఆళ్ళకి?" అత్త.

"అడిగితే కదా సెప్పడానికి."

మన దగ్గర మూతి మార్పిడి ఇలాగే మొదలైందని నా నమ్మకం. దెబ్బ తగిలి కొంత, కొత్తగా కనబడాలని కొంత. అంబాసిడర్‌కి ఇది సుళువైన పని, ఎందుకంటే ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా 1957లో ఉత్తరపారాలో మొదలై 2014లో ఆగేదాకా ఆ గది, ఆ టాపు, ఆ తలుపుల వంపు పెద్దగా మారలేదు. యాభై ఏడేళ్ళు! అమెరికాలో మూడేళ్ళకోసారి ఒళ్ళే మార్చేసేవాళ్ళు, మన దగ్గర మనవడు కూడా తాత కారు పోలికలోనే తిరిగాడు. ప్రీమియర్ వాళ్ళదీ అదే దారి. ఫియట్ 1100 డిలైట్ అన్నారు, ప్రెసిడెంట్ అన్నారు, 1974లో పద్మిని అన్నారు. పేరు మారింది, ముందు గ్రిల్లు మారింది. ఒళ్ళు ఆ ఒళ్ళే.

"మూతి సంగతి సరే. కింద సామాన్లు మార్చలేదేటి ఆ కుర్రోలు?" మావ అసలైన డ్రైవరు ప్రశ్న వేశాడు. రేకు చూసి మురిసేవాడు కాదాయన, బ్రేకు తొక్కి చూసేవాడు.

మార్చారు, అదే ఇంకా పెద్ద కథ. హెన్రీ ఫోర్డుకి తన పద్ధతి మీద మహా పట్టుదల. మోడల్ టీ నాటి నుంచి ముందు చక్రాల మధ్య అడ్డంగా ఒకే కమాన్ కట్ట, దాని కింద గట్టి ఇనప యాక్సిల్. 1908లో మొదలుపెట్టి 1948 మోడలు దాకా అదే. పక్కవాళ్ళు చక్రానికో స్ప్రింగు పెట్టి మెత్తటి సవారీ అమ్ముకుంటున్నా ఆయన కదల్లేదు. బ్రేకులూ అంతే. 1928లో పుట్టిన ప్లిమత్ కారు పుట్టడమే నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులతో పుట్టింది. షెవర్లెట్ 1936లో పెట్టింది. ఫోర్డు మాత్రం ఇనప కడ్డీలతో లాగే బ్రేకులే మంచివని 1939 దాకా భీష్మించాడు.

"కడ్డీ బ్రేకులా? ఒక సక్రం పట్టీసి ఇంకోటి ఒదిలీసేది కదేటి?"

"సరిగ్గా అదే గొడవ. నాలుగూ సమంగా పట్టేలా సర్దుకుంటూ ఉండాలి."

ఇంజనుకి బలం ఎక్కించిన కుర్రాడికి ఆపడానికి బలం లేదు. 1939లో హైడ్రాలిక్ వచ్చిందో లేదో, 1939 తర్వాతి ఫోర్డుల చక్రాల బ్రేకు సామాను ఊడదీసి పాత బళ్ళకి ఎక్కించడం మొదలెట్టారు. ముసలాయన పట్టుదల వల్లే అది కుదిరింది. యాక్సిల్ పద్ధతి అన్నేళ్ళు మారకపోబట్టి 1940 సామాను 1932 బండికి కొద్దిపాటి పనితోనే పట్టేసేది. ఆయన కొత్తదనాన్ని ఒప్పుకోకపోవడమే కుర్రాళ్ళకి వరమైపోయింది. 1949లో ఫోర్డు ముందు చక్రాలకి విడి సస్పెన్షన్ రావడంతో ఆ సుళువు తీరిపోయింది.

యాక్సిల్‌ని కాల్చి, సాగదీసి, మధ్యభాగం కిందికి దిగేలా వంచేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. దాంతో ముందు భాగం నేలకి దగ్గరవుతుంది, వెనక ఎత్తుగా ఉంటుంది. పరిగెత్తబోయే పొట్టేలు అనొచ్చు గానీ, ఒకసారి చొక్కాల పోలిక అయిపోయింది కాబట్టి ఊరుకుంటాను.

మావకి ఇదంతా నచ్చింది, ఒక్కటి తప్ప. కాల్చి సాగదీసిన యాక్సిల్ మీద మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే ధైర్యం తనకి లేదన్నాడు. ఎండు చెరువులో పందేనికి అయితే సరే, సారవకోట రోడ్డు మీద కాదు.

అసలు మూతుల్లోకెల్లా పేరున్న మూతి 1932 ఫోర్డుది. అంతకు ముందు మోడల్ ఏ ఉండేది, నాలుగు సిలిండర్లు, నలభై గుర్రాల బలం. 1932లో ఎనిమిది సిలిండర్ల వీ8 వచ్చింది, 65 గుర్రాలు. వీ8 రోడ్‌స్టర్ ధర 460 డాలర్లు. అంత చవక కారులో ఎనిమిది సిలిండర్లు అప్పటిదాకా ఎవరూ చూడలేదు. మోడల్ ఏకి రేడియేటర్ బయటికే కనబడుతుంది. 1932 కారుకి నిలువు కడ్డీల గ్రిల్లు ముందుండి రేడియేటర్ దాని వెనక దాక్కుంటుంది. ఆ చుట్టు పలకని హాట్ రాడర్లు మోడల్ ఏ ఒంటికి తగిలించారు. ఊరికే అందానికేనా? అందం సగం. మోడల్ ఏ ఒళ్ళు చిన్నది, తేలిక, చవక. దాని చాసీసు మాత్రం వీ8 బరువుకీ లాగుడుకీ చాలదు. 1932 చాసీసు వీ8 కోసమే గట్టిగా కట్టింది. అందుకని 1932 చాసీసు తెచ్చి దాని మీద మోడల్ ఏ ఒళ్ళు దించేవాళ్ళు. చాసీసుతో పాటు రేడియేటర్, ఆ గ్రిల్లూ కూడా వచ్చేస్తాయి. చూసేవాళ్ళకి మూతి మారింది, కట్టినవాడికి వెన్నెముక మారింది.

"ఇది మన తెల్ల అంబాసిడర్ ఎవ్వారమే కదేటి!" మావ గోడ మీద చెయ్యి చరిచాడు. వడియాలు ఎగిరాయి. అత్త చూసిన చూపుకి ఇద్దరం కాసేపు మెదలకుండా ఉన్నాం.

నిజమే, అదే వ్యవహారం. ఏ ఒక్క సంవత్సరం కారులోనూ అన్నీ కుదరవు. ఒక ఏడాది మూతి బావుంటుంది, ఇంకో ఏడాది ఇంజను బావుంటుంది, మరో ఏడాదికి గానీ మంచి బ్రేకులు రావు. కంపెనీ వాటిని వేరువేరు ఏళ్ళలో అమ్మింది. కుర్రాళ్ళకి కావలసింది కంపెనీ ఎప్పుడూ అమ్మని కారు. 1940 మూతి, 1939 కూపే, 1948 బ్రేకులు కలిసిన బండి ఏ షోరూములోనూ ఉండదు, ఎవడి షెడ్డులో వాడు కట్టుకోవాల్సిందే. 1960ల మూతి పెట్టుకున్న ఇసుజు అంబాసిడర్ ఆసామి కూడా అదే చేశాడు. ఇంజను నమ్మకమైనది, గేరు నేల మీద, ముఖం మాత్రం వాళ్ళ నాన్న రోజుల్లోది. వాళ్ళ నాన్న సంగతి నా ఊహలెండి. ఆసామిని నేను చూడలేదు.

ఇలాంటి ముచ్చట్లు తిన్నగా ఎక్కడ సాగుతాయి! జీపుల మీదికి మళ్ళింది. ఏజెన్సీ దారుల్లో, సీతంపేట వైపు, జీపులో వేలాడుతూ ప్రయాణం చెయ్యని వాళ్ళు ఆ తరంలో తక్కువ. యుద్ధకాలపు జీపుని విల్లీస్ వాళ్ళూ ఫోర్డు వాళ్ళూ ఇద్దరూ చేశారు. ఎవరి విడిభాగం ఎవరికైనా పట్టాలని సైన్యం పట్టుబట్టింది. విల్లీస్ మొదట ఇనప పట్టీలు అతికించి గ్రిల్లు చేసేది. ఫోర్డు ఒకే రేకుని నొక్కి తొమ్మిది గాళ్ళతో చేసింది. అది చవక, తేలిక. తర్వాత విల్లీస్ కూడా ఆ మూతే పెట్టుకుంది. అంటే జీపు ముఖం అని లోకమంతా గుర్తుపట్టేది మొదట ఫోర్డు చేతిలో తయారైంది.

మహీంద్రా వాళ్ళు మన దేశంలో ఎక్కువకాలం చేసిన సీజే3బీకి బానెట్టు ఎత్తుగా ఉంటుంది. ఎందుకు ఎత్తంటే ఇంజనే పొడుగు. విల్లీస్ కొత్త ఇంజనుకి లోపలికి గాలి తీసే వాల్వులు తల మీదికొచ్చాయి, తల పెరిగింది, బానెట్టు లేచింది. ఇప్పుడు జీపు పిచ్చోళ్ళు ఆ ఎత్తు బానెట్టు కోసి యుద్ధకాలపు పొట్టి మూతి పెట్టించుకుంటున్నారు.

"పొట్టి మూతి ఎడితే పొడుగు ఇంజనెక్కడ దాస్తారు?"

ఇంజనూ మార్చేస్తారు మావా. మూతి కోసం గుండె మార్చే రకాలు కూడా ఉన్నారు. కాలిఫోర్నియాలో వీ8 కోసం మూతి మార్చారు, ఇక్కడ మూతి కోసం ఇంజను మారుస్తున్నారు.

ఎన్టీ రామారావుగారి చైతన్యరథం కూడా పాత షెవర్లెట్ వ్యానే కదా అని మావ గుర్తుచేసుకున్నాడు. 1982లో పార్టీ పెట్టాక ఆ వ్యాను టాపు మీద నిలబడే ఊరూరా మాట్లాడారు. నరసన్నపేటలో ఆ జనంలో మావ కారు ఎటూ కదలక ఇరుక్కుపోయిందట. దాని మూతి ఎవరైనా మార్చారా అనడిగితే, "జనం తల్లోంచి సక్రాలు కూడా కనబడలేదురా, మూతెక్కడ సూస్తాను" అన్నాడు.

అత్త తమ్ముడి మనవడికి ఇప్పుడిలాంటి పిచ్చే పట్టింది. వాళ్ళ తాత పాత ఫియట్‌కి ఇంకేదో ముఖం పెట్టించి, ఇంజను కూడా మార్చి, వీడియోలు తీస్తానంటున్నాడు. ఆ ముక్క అత్త అనేసరికి మావ సరదా మానేసి డ్రైవరైపోయాడు.

"ఆడికి సెప్పు, ముందు ఆర్టీవో ఆఫీసుకెల్లి అడిగి రమ్మను."

ఆయన మాటకి చట్టం దన్నుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతి గట్టిగానే చెప్పింది. రంగు మార్చడం లాంటి చిన్నవాటి సంగతి వేరు, ఒంటికీ చాసీసుకీ మూలరూపం ఉండాలంది. పాత బళ్ళకి 2021లో ఇంకో దారి తెరిచారు. యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజీ కింద నమోదు చేయించుకోవచ్చు. రుసుము ఇరవై వేలు, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత అయిదు వేలు. నంబరులో వీఏ అని పడుతుంది. కానీ చాసీసు, ఒళ్ళు, ఇంజను పెద్దగా మార్చకుండా మొదటి రూపంలో ఉండాలి, కిరాయికి తిప్పకూడదు.

"మన తెల్ల బండికి మూతికి యాభై దాటింది, ఒంటికి ముప్పై. సగం వింటేజీ కింద పది వేలకి ఇవ్వరేటి?"

ఇవ్వరు.

ఒకప్పుడు పాత బండికి కొత్త మూతి పెట్టి ప్యాసింజర్లని ఎక్కించుకునేవాళ్ళు. ఇప్పుడు కొత్త బండికి పాత మూతి వెతుకుతున్నారు. మావ తన మార్క్ త్రీకి పెట్టించిన మార్క్ ఫోరు రేకు ఆ రోజుల్లో స్టాండంతా మెచ్చుకుంది. ఊడదీసిన అడ్డ పట్టీల గ్రిల్లు పాత ఇనుము కింద పోయింది. అదే గ్రిల్లు వంకర లేకుండా ఈరోజు దొరికితే, పాత కార్ల సరదా ఉన్నవాళ్ళు మావ ఇంటికొచ్చి కాళ్ళు కడిగి పట్టుకెళ్తారు. కంపెనీ వాళ్ళకీ ఈ గాలి తగిలింది. 2004లో అవిగో అని పేరు పెట్టి అంబాసిడర్ ముఖం చాలావరకు మార్చి, పాతకాలపు పోలిక తెచ్చి అమ్మిచూశారు. పెద్దగా ఆడలేదు. పదేళ్ళకి ఫ్యాక్టరీ ఆగింది. 2017లో అంబాసిడర్ అన్న పేరొక్కటే ఎనభై కోట్లకి ఫ్రాన్సు పెజో కంపెనీకి అమ్ముడుపోయింది. ఒళ్ళు లేదు, మూతి లేదు, పేరుకి ఎనభై కోట్లు.

"మరి నీకే కట్టుకోమంటే, మావా? ఏ మూతి, ఏ ఒళ్ళు?"

ఆయన ఆలోచించనేలేదు. ఎన్నాళ్ళనుంచో సిద్ధంగా ఉన్నట్టుంది జవాబు. "మూతి మార్క్ త్రీది. నా బండిదే. అడ్డ పట్టీలు, గుండ్రటి లైట్లు. ఇంజను ఇసుజు. ముందు సక్రాలకి డిస్కు బ్రేకులు. గేరు మాత్రం నేల మీద."

"ముప్పై ఏళ్ళు స్టీరింగు గేరు తోలిన మనిషివి, నేల గేరెందుకు?" అత్త వడియాల గుడ్డ మడుస్తూ అడిగింది. "అయినా తోలీదెవరు? కళ్ళకి ఆపరేషనయినాక సైకిలే ఎక్కనివ్వట్లేదు నిన్ను."

"అల్లుడు తోల్తాడు."

"అల్లుడికి స్టీరింగు గేరు రాదు కదా!"

"అందుకేనే నేల గేరంటన్నాను."